గ్యాసు అయిపోయిందా? కారిపోయిందా?

పిల్లలూ!

మే నెల మిట్టమధ్యాహ్నం ఎర్రగడ్డ రైతు బజారు దగ్గర నిలబడి చూడండి. పైన మెట్రో రైలు పోతుంటుంది. కింద అమీర్‌పేట వైపు కార్లు చీమలబారులా కదులుతుంటాయి. కొన్ని కార్లకు అద్దాలు దించి ఉంటాయి. లోపలివారు చేతికందిన కాగితంతో విసురుకుంటుంటారు. "ఏసీ ఉన్నదిగదా, అద్దాలు దించారేమండీ?" అంటే, "గ్యాసు అయిపోయింది, నింపించాలి" అంటారు.

పెట్రోలు అయిపోయిందంటే అర్థమున్నది. అది మండి పొగైపోతుంది. కాని ఏసీ గ్యాసు మండేది కాదే! మూసిన గొట్టాలలో గానుగెద్దులా తిరిగిందే తిరుగుతుంటుంది. అది అయిపోవటమేమిటి?

ముందు అది చేసే పని చూద్దాం. అరచేతిలో నాలుగు చుక్కల శానిటైజరు వేసుకొని ఊదండి. చల్లగా ఉన్నదా? ఆ ద్రవం ఆవిరి కావటానికి వేడి కావాలి. ఆ వేడిని మీ చేతినుంచే లాగుకున్నది. కూజాలో నీళ్ళు చల్లబడేదీ ఇందుకే. ఇప్పటి మన కార్లలో చాలావాటిలో ఉండే గ్యాసు పేరు ఆర్-134ఏ. ద్రవంగా ఉన్నప్పుడు దాన్ని ఆరుబయట పెడితే సున్నాకు 26 డిగ్రీల కిందనే సలసల కాగిపోతుంది! డాష్‌బోర్డు వెనకనున్న కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరవుతూ కారులోని గాలి వేడిని పీల్చుకుంటుంది.

పీల్చిన వేడిని బయట పారవెయ్యాలి గదా? సైకిలు పంపు గబగబా కొట్టి దాని అడుగు తాకి చూడండి, వెచ్చగా ఉంటుంది. అలాగే కంప్రెసర్ గ్యాసును నొక్కి వేడెక్కిస్తుంది. ఆ వేడి గ్యాసు కారు ముందున్న కండెన్సర్‌లోకి పోయి, బయటి గాలికి వేడినిచ్చి, మళ్ళీ ద్రవమవుతుంది. సన్నని వాల్వు గుండా దూరి తిరిగి కాయిల్‌కు చేరుతుంది.

ఇక పరీక్ష. కారును ఆరుబయట నిలిపి నాన్నగారినో అమ్మగారినో ఇంజను నడపమనండి. మూసిన షెడ్డులో వద్దు, పొగలో విషవాయువు ఉంటుంది. మీరు పక్కనుండి చూడండి. తిరిగే బెల్టు దగ్గరికి చెయ్యి పోనివ్వకండి సుమా!

గాలి తక్కువగా వస్తున్నదా, లేక బాగా వస్తూ వెచ్చగా ఉన్నదా? ఈ రెండూ వేరు జబ్బులు. తక్కువగా వస్తే ముందు ఫిల్టరు చూడాలి. మన రోడ్ల దుమ్ముకు అది గోనెపట్టాలా తయారవుతుంది. ఫిల్టరు బాగుంటే బ్లోయర్ సంగతి చూడాలి. గాలి బాగానే వస్తూ చల్లదనం లేకపోతే, ఏసీ మీట నొక్కి చెవి ఒగ్గండి. చాలా కార్లలో కంప్రెసర్ క్లచ్ "టిక్" మంటుంది. అనకపోతే ఫ్యూజో, తీగో పోయి ఉండవచ్చు. లేదా గ్యాసు మరీ తగ్గినందువల్ల కాపలా స్విచ్చి కంప్రెసర్‌ను తిరగనివ్వటం లేదేమో. కొత్త రకం కార్లు కొన్నిటిలో ఈ శబ్దమే ఉండదు, కంగారుపడకండి.

నాకు ఎక్కువ ఇష్టమైన చిక్కు మరొకటి. కారు పరుగెత్తేటప్పుడు చల్లగానే ఉంటుంది; సిగ్నలు దగ్గర ఆగితే వెచ్చబడుతుంది. ఎందుకు? పరుగులో ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యానే చెయ్యాలి. ఫ్యాను తిరగకపోయినా, కండెన్సర్ రేకుల్లో మట్టి పట్టినా వేడి బయటికి పోదు. దీనికి గ్యాసు నింపితే లాభం లేదు. కావలసినదానికంటే ఎక్కువ నింపితే చల్లదనం ఇంకా తగ్గుతుంది కూడా.

మా వీధిలో ఒకాయన తల్లిగారికి ఆయాసం. ఛాతీ ఆసుపత్రికి కారులోనే తీసుకుపోతుంటారు. అద్దాలు దించితే దుమ్ము, ఎత్తితే ఉక్క! ఏటా ఎండలు ముదరగానే గ్యాసు నింపించేవారు. దసరాకల్లా కథ మళ్ళీ మొదటికే. మూడేళ్ళు ఇదే వరస. నాలుగో ఏడు ఒక ముసలి మెకానిక్కు, "సార్, నింపుతా గాని, పోయినసారి నింపింది ఎక్కడికి పోయిందో ముందు చూద్దాం" అన్నాడు. ఎంత చక్కని ప్రశ్న!

గ్యాసుతోపాటు కాస్త నూనె కూడా తిరుగుతుంటుంది. గ్యాసు కారేచోట నూనె చెమ్మ, దానికంటుకున్న దుమ్ము కనబడతాయి. ఆ కారులో కండెన్సర్ గొట్టం అతుకు దగ్గర అలాంటి మరక ఉన్నది. గొట్టాలలోకి నైట్రోజన్ ఎక్కించి, అక్కడ సబ్బు నురుగు పూస్తే బుడగలు లేచాయి. మనం సైకిలు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి పంక్చరు పట్టమూ? అంతే! పోయింది చిటికెనవేలి ఉంగరమంత రబ్బరు రింగు. అది మార్చి, వాక్యూం పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేసి, బానెట్ కింది చీటీలో రాసినంత గ్యాసే తూచి నింపాడు. మరుసటి ఏడు ఆ పెద్దావిడ అద్దాలెత్తుకొనే ఆసుపత్రికి పోయివచ్చింది.

ఏళ్ళ తరబడి రబ్బరు గొట్టాల గుండా గ్యాసు పిసరంత ఇంకిపోవటం కద్దు. ఏడాదికే ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో కన్నమున్నట్టే. ఆ పోయేది ఊరికే పోదు. బరువుకు బరువు చూస్తే, నూరేళ్ళలో బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 1,430 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది! ఈ జాతి గ్యాసులను క్రమంగా తగ్గించుకోవాలని 2016లో కిగాలీ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం దాన్ని 2021లో ధ్రువపరచింది.

పెద్దలకొక మాట: కన్నం వెతకకుండా గ్యాసు నింపుతామంటే ఒప్పుకోకండి. గొట్టాలు మీరు విప్పవద్దు; ఆ ద్రవం తగిలితే చర్మం గడ్డకట్టుకుపోతుంది.

పిల్లలూ, వచ్చే నెలకు మీకొక ప్రశ్న. ఏసీ బాగా పనిచేసే కారు ఆగినచోట కింద నీటి చుక్కలు పడుతుంటాయి. లోపల ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. ఆ నీళ్ళు ఎక్కడివి? ఆలోచించి ఉత్తరం రాయండి.