సైలెన్సర్ మార్చితే చాలదు, కార్బురేటర్ కూడా చూడాలి

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. అక్షరం తప్పులుంటే సర్దుకోండి. మేము బడిలో చదివింది తమిళం. తెలుగు రాత రైల్వేలో చేరిన తరువాత పెద్ద బాలశిక్ష పెట్టుకుని నేర్చుకున్నది.

ఉగాదినాడు మన హాలులో పంచాంగం చదువుతూ ఉంటే బయట మూడు బుల్లెట్లు వచ్చి ఆగాయి. ఆ చప్పుడుకు పంతులుగారు మేషరాశి దగ్గర ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టేసరికి వృషభంలో ఉన్నారు. మేషరాశి వాళ్ళకు ఈ ఏడు ఆదాయమెంతో వ్యయమెంతో ఇప్పటిదాకా తెలియదు. అక్కడ అందరం నవ్వుకున్నాం గానీ, ఆ రాత్రే గొడవ మొదలైంది. సైలెన్సర్ మార్చిన బండ్లను కాంపౌండు లోపలికి రానివ్వకూడదని తీర్మానం పెట్టండి అని పెద్దలు. సౌండు లేకపోతే అది బుల్లెట్ ఎట్లా అవుతుంది మామా అని పిల్లలు.

తీర్మానం పెట్టండి, మేమూ చెయ్యెత్తుతాం. కానీ రెండు పక్షాలూ చప్పుడు గురించే మాట్లాడాయి. సైలెన్సర్ మార్చిన బండి లోపల చెవికి వినబడని పని ఒకటి జరుగుతుంది. మాకు అది తెలిసింది మా మేనల్లుడి కాలర్ బోను విరిగిన తరువాత.

వాడిది యమహా ఆర్ఎక్స్ 100. 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన బండి, 98 సీసీ, టూ స్ట్రోక్. కంపెనీ సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. అసలుది దొరక్క ఒక అంగడిలో వేరేది కొన్నాడు. అరగంటలో బిగించి ఇచ్చారు. ఇంకేమీ చెయ్యక్కర్లేదు, తీసుకుపో అన్నారు. రెండు వారాలు వాడి కాళ్ళు నేల మీద లేవు. ఒకరోజు పొద్దున ఈరోడు నుంచి సేలం పోతూ, సంగగిరి దాటాక ఖాళీ రోడ్డు చూసి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకున్నాడు. కొన్ని నిమిషాలకు ఇంజన్ సీజ్ అయ్యింది. వెనక చక్రం తిరగడం ఆగిపోయి బండి ఈడ్చుకుంటూ పోయింది. వెనక వచ్చే లారీ డ్రైవరు పక్కకు తిప్పాడు కాబట్టి ఒక్క ఎముకతో పోయింది.

మా వీధి మేస్త్రీ ఆ ఇంజన్ విప్పినప్పుడు మేము పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాం. పిస్టన్ నిండా నిలువు గీతలు. ప్లగ్గు సుద్దముక్కలాగా తెల్లగా ఉంది. "పెట్రోలు చాలక చచ్చింది సార్" అన్నాడు తమిళంలో. ట్యాంకులో పెట్రోలు ఉందే అన్నాం. వాడు మా ముఖం చూసి నవ్వాడు.

మేము ఉద్యోగం చేసింది డీజిల్ లోకో షెడ్డులో. ఇంజన్లు బాగుచేసింది వేరేవాళ్ళు, వాటి కాగితాలు రాసింది మేము. అయినా అన్నేళ్ళు ఆ వాకిట్లో తిరిగితే కొంత అంటుకుంటుంది. లోకో నల్లగా పొగ వదిలితే టర్బో సరిగా గాలి ఇవ్వడం లేదని ఫిట్టర్లు అనేవాళ్ళు. గాలి తక్కువ, నూనె ఎక్కువ. మా మేనల్లుడి బండిలో జరిగింది దీనికి తలకిందులు. ఇందులో పొగ రాదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కార్బురేటర్‌లో పెట్రోలును ఎవరూ కొలిచి పోయరు. లోపలికి పోయే గాలే దాన్ని ఒక సన్నని కంత గుండా పీల్చుకుపోతుంది. ఆ కంత ఉన్న ఇత్తడి ముక్కే జెట్టు. ఏ సైలెన్సరు, ఏ ఎయిర్ ఫిల్టరు ఉంటాయో చూసుకుని దానికి తగ్గ జెట్టు కంపెనీవాళ్ళు వేస్తారు. పొగ బయటికి పోయే దారి ఇంకా సులువైతే లోపలికి గాలి ఎక్కువ వస్తుంది, పెట్రోలు మాత్రం అంతగా పెరగదు. దీన్నే లీన్ అంటారు. పెట్రోలు మండడానికే కాకుండా లోపల చల్లబరచడానికి కూడా పనికొస్తుంది. అది తగ్గితే వేడి పెరుగుతుంది. టూ స్ట్రోక్ బండిలో ఇంకో సంగతి ఉంది. దాని సైలెన్సరు వట్టి గొట్టం కాదు, ఇంజన్‌లో ఒక భాగం. బయటికి పోయిన ఒత్తిడి అల తిరిగి వచ్చి, తప్పించుకుపోయే కొత్త గాలీ పెట్రోలునూ లోపలికి నెడుతుంది. గొట్టం ఆకారం మారితే ఆ లెక్క మొత్తం మారుతుంది.

బుల్లెట్ అంత సులువుగా సీజ్ కాదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటాసులాగా పటపటమంటుంది. మన పిల్లలు అది దర్జా అనుకుంటారు. చాలాసార్లు అది పెట్రోలు చాలడం లేదని ఇంజన్ పెట్టుకునే అర్జీ. సైలెన్సర్ జాయింటులో గాలి లీకైనా అదే చప్పుడు వస్తుంది కాబట్టి ముందు ఆ జాయింటు, కార్బురేటర్ దగ్గరి రబ్బరు చూడాలి. లీకు ఉన్నప్పుడు ట్యూనింగ్ చెయ్యడం చిల్లు కుండలో నీళ్ళు కొలవడమే.

ఆ తరువాత పని మా మేస్త్రీ చేసి చూపించినట్టు చెబుతాం. ఇది మిక్‌కార్బ్ లాంటి పాత రకం, స్లైడు ఉన్న కార్బురేటర్‌కు. పూర్తిగా తిప్పినప్పుడు పెట్రోలు ఇచ్చేది మెయిన్ జెట్, నడుమ నీడిల్, స్లో స్పీడులో పైలట్ జెట్. జెట్టు మీద నంబరు ఉంటుంది. నంబరు పెద్దదైతే కంత పెద్దది. ముందు కొంచెం పెద్ద మెయిన్ జెట్‌తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి. చిన్నదాని నుంచి పైకి పోతే మధ్యలోనే పిస్టన్ పోవచ్చు. కొత్త ప్లగ్గు వేసి, జనం లేని చోట పూర్తి యాక్సిలరేటర్‌లో కొంచెం దూరం నడిపి, క్లచ్ పట్టి అక్కడికక్కడే ఇంజన్ ఆపేసి ప్లగ్గు విప్పాలి. తెలుపైతే పెట్రోలు చాలలేదు, నల్లని మసి అయితే ఎక్కువైంది, బిస్కెట్ రంగు అయితే సరి. నెమ్మదిగా ఇల్లు చేరి విప్పితే ఆ ప్లగ్గు నెమ్మది నడక కథే చెబుతుంది. నడుమ స్పీడులో తడబడితే నీడిల్ మీది క్లిప్పును ఒక గాడి కిందికి దించాలి. నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఆఖరున ఎయిర్ స్క్రూ. ఇంజన్ వేడెక్కాక దాన్ని ఆనేవరకు మెల్లగా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తెచ్చి, అక్కడి నుంచి అటూ ఇటూ పావు చుట్టు. ఇంజన్ ఎక్కడ హాయిగా, వేగంగా తిరుగుతుందో అక్కడ ఆపాలి. దాదాపు పూర్తిగా లోపలికి తిప్పితేనే బాగుంటే పైలట్ జెట్ చిన్నదైందని అర్థం. ఒకసారికి ఒకటే మార్చాలి. మూడూ ఒకేసారి మార్చి ఏది కుదిరిందో తెలియక తల పట్టుకున్నవాళ్ళను మేము చూశాం.

సైలెన్సరుతో పాటే ఎయిర్ ఫిల్టరు తీసి ఆ కోను లాంటిది బిగించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ గురించి ఏం చెప్పేది!

వేలు పోసి చప్పుడు కొంటారు. ఇద్దరి టిఫిను ఖర్చు కూడా కాని జెట్టు దగ్గర పిసినారితనం. మాకు కోపం వచ్చేది ఇక్కడే. బిగించిన అంగడివాడు జెట్టు మాట ఎత్తడు, కొన్నవాడు అడగడు.

ట్యూనింగ్ చేస్తే చప్పుడు చట్టానికి ఒప్పుకోలు అవుతుందని మాత్రం అనుకోకండి. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద, శబ్దం, పొగ హద్దు మీరితే మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్సు కూడా 3 నెలలు పోతుంది. కంపెనీ సైలెన్సరు దొరికే బండికి దాన్నే పెట్టుకోండి. బుల్లెట్ మనదే అని మురిసిపోయే పిల్లలకు ఒక మాట: అది తయారైన తిరువొత్తియూరులోనే త్యాగరాజస్వామి త్రిపురసుందరి అమ్మవారి మీద తెలుగులో కీర్తనలు పాడారు. ఆ ఊరి బండి గుళ్ళో వాళ్ళ చెవులు కూడా తలచుకోవద్దా? దొరకని పాత బండ్లకు వేరేది పెట్టక తప్పదు. అప్పుడు హద్దు మీరనిది చూసి పెట్టి, కార్బురేటర్ సరిచెయ్యకుండా రోడ్డెక్కకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లు చాలావాటిలో కార్బురేటరే లేదు, కంప్యూటరే పెట్రోలు కొలుస్తుంది. అక్కడ స్క్రూడ్రైవరుకు పని లేదు, సైలెన్సరు జోలికి పోకండి.

తీర్మానంలో ఇంకో వాక్యం చేర్చమని మా మనవి. ఒక ఆదివారం పొద్దున మన హాలు వాకిట్లో మేస్త్రీని కూర్చోబెడదాం. సైలెన్సర్ మార్చిన పిల్లలు బండ్లతో రండి. ఎవరూ తిట్టరు, పోలీసుకు చెప్పరు. ప్లగ్గు విప్పి చూపించుకోండి, జెట్టు ఖర్చు మీది, మేస్త్రీ కూలి సంఘానిది. గేటు దగ్గరే ఆపేస్తే వాళ్ళు అదే తెల్లని ప్లగ్గుతో సేలం రోడ్డెక్కుతారు, మనకు తెలియను కూడా తెలియదు. మేస్త్రీతో మాట్లాడాం, ఒప్పుకున్నాడు. మా మేనల్లుడు ఆ పిస్టన్, ఆ ప్లగ్గు దాచి ఉంచాడు, తెస్తానన్నాడు. కార్యదర్శిగారు తేదీ చెబితే చాలు, కాఫీ మా ఇంటి నుంచి వస్తుంది.