పిల్లల మాట పిల్లల్నే చెప్పనిద్దాం!

వేసవి సెలవులు అయిపోవస్తున్నాయంటే మన ఇళ్ళల్లో ఒకటే హడావిడి. పుస్తకాలు కొనాలి, అట్టలు వెయ్యాలి, యూనిఫాం కుట్టించాలి, కొత్త బ్యాగు, వాటర్ బాటిలు, లంచ్ బాక్సు... ఫీజుల సంగతి సరే సరి! అన్నీ సిద్ధం చేస్తాం. మరి పిల్లల్ని బడికి సిద్ధం చేస్తున్నామా? ఈ ప్రశ్న నాకూ ఆలస్యంగానే తట్టింది.

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పటి మాట. వరుసగా మూడు రోజులు తడిసిన గౌనుతో ఇంటికొచ్చింది. మొదటి రోజు నీళ్ళు ఒలికాయంది. రెండో రోజూ అదే మాట. మూడో రోజు నాకు కోపం ఆగలేదు. "ఇంత పిల్లవయ్యావు, టీచర్‌ని అడగడానికి నోరు లేదూ?" అని కేకలేశాను. అది వెక్కుతూ, "ఎలా అడగాలో తెలీదమ్మా" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజమే, దానికెలా తెలుస్తుంది? పక్కింటావిడ "నీ పేరేంటమ్మా?" అంటే చెప్పేది నేను. డాక్టరు "ఎక్కడ నొప్పి తల్లీ?" అంటే చూపించేది నేను. ఎక్కాలు, పద్యాలు, రైమ్స్ అన్నీ నేర్పాను. చుట్టాలొస్తే గడగడా అప్పచెప్పించి మురిసిపోయాను. కానీ "టీచర్, బాత్రూంకి వెళ్ళొస్తాను" అన్న చిన్న మాట ఒక్కసారైనా పలికించలేదు.

ఇది చిన్న విషయం కాదండీ. అడగలేని పిల్లలు నీళ్ళు తాగడం మానేస్తారు, గంటల తరబడి బిగబట్టుకుంటారు. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయి. అంతకన్నా భయపడాల్సింది ఇంకోటుంది. చిన్న అవసరాన్నే చెప్పుకోలేని పిల్ల, రేపు ఎవరైనా ఇబ్బంది పెడితే మాత్రం మనకొచ్చి చెప్పగలదా?

మర్నాడు సాయంత్రం ఇంట్లో బడి ఆట మొదలుపెట్టాం. మా అత్తగారు టీచరు. నేను పక్కన కూర్చునే పిల్లని. చెయ్యెత్తి అడగడం, పెన్సిల్ అరువడగడం, తన డబ్బా ఎవరైనా లాక్కుంటే "అది నాది, ఇచ్చెయ్" అని గట్టిగా చెప్పడం అన్నీ ఆటలోనే! బళ్ళో టీచర్‌నీ కలిశాను. నోట మాట రాకపోతే చిటికెనవేలు చూపించినా పంపిస్తానన్నారావిడ. వారం తిరిగేసరికి గౌను తడవడం ఆగింది.

ఆ తర్వాత కొన్ని పద్ధతులు మా ఇంట్లో అలవాటుగా మారాయి. వీధి చివర కొట్టుకి దాన్ని వెంటబెట్టుకెళ్ళి, నేను పక్కన నిలబడి, కొత్తిమీర కట్ట అడగడం, చిల్లర లెక్క చూసుకోవడం దానికే వదిలేసేదాన్ని. సెలవు రోజు అష్టాచెమ్మా వేసేవాళ్ళం. తన వంతు వచ్చేదాకా ఆగడం, కాయ చచ్చినా అలగకుండా మళ్ళీ ఆడటం ఆ గళ్ళే నేర్పాయి. పిల్ల ఏడుస్తుందని మనం కావాలని ఓడిపోకూడదు సుమా! ఇంట్లో ఓడటం తెలియని పిల్లలు బళ్ళో స్నేహితులతో నెగ్గుకురాలేరు.

ఇక చదువు. "పదిసార్లు చదువు, అదే వస్తుంది" అంటాం మనం. నేర్చుకున్నది మళ్ళీ తలుచుకోకపోతే ఎంత త్వరగా జారిపోతుందో జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళ కన్నా, చదివింది చూడకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్ళకే వారం తర్వాత ఎక్కువ గుర్తుందని తేలింది. మనం చెయ్యాల్సిందీ ఇంతే. ఒకసారి చదివించి పుస్తకం మూయించండి. "ఏం చదివావో నాకు చెప్పు" అనండి. మర్నాడు ఒకసారి, ఆదివారం ఇంకోసారి అడగండి. దీనికి తల్లికి ఇంగ్లీషు రానక్కర్లేదు, చదువే రాకపోయినా ఫర్వాలేదు. వినే ఓపిక ఉంటే చాలు. మా ఇంట్లో పాఠాలు వినేది మా అత్తగారే!

చదువుకునే వేళ, చోటు రోజూ ఒకటే ఉండాలి. ఆ కాసేపూ టీవీ కట్టెయ్యాలి. మన చేతిలో ఫోను కూడా! పుస్తకాల సంచి రాత్రే వాళ్ళనే సర్దుకోమనండి. ఒకరోజు నోటు పుస్తకం మర్చిపోతే పరుగెత్తుకెళ్ళి ఇచ్చిరాకండి. మర్నాడు వాళ్ళే చూసుకుంటారు. ఇవన్నీ అమ్మ పనులే అనుకోకండి, నాన్నలకీ వాటా ఉంది.

ఒక్క హెచ్చరిక. పిల్ల బోర్డు చూసి రాయలేకపోతున్నా, పిలిస్తే పలక్కపోయినా బద్ధకమని తిట్టేముందు కళ్ళూ, చెవులూ పరీక్ష చేయించండి. బడికి వెళ్ళనని హఠాత్తుగా మొండికేస్తే కారణం కనుక్కోండి. పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. ఆ సంగతి ధైర్యంగా మాట్లాడే హక్కు మనకుంది.

మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. వాగుడుకాయ ఏమీ అయిపోలేదు, ఇప్పటికీ మితభాషే. అందులో తప్పేముంది? మాటలు తక్కువైనా, అవసరమైనప్పుడు నోరు పెగిలితే చాలు. మొన్నామధ్య క్లాసులో కొత్తగా చేరిన పిల్లకి బాత్రూం ఎక్కడో తనే చూపించి వచ్చానని అన్నం తింటూ చెప్పింది. నా కళ్ళు చెమర్చాయి.

రేపు మీ పాపని ఎవరైనా "నీ పేరేంటమ్మా?" అనడిగితే, మనసులో పది లెక్కపెట్టుకోండి. మీరు మాత్రం నోరు విప్పకండి. ఏమంటారు?