ట్యాబు ఏ భాషలో లెక్క చెప్పును?

ప్రాథమిక పాఠశాలలలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ట్యాబుల ద్వారా గణితము నేర్పవలెనను కోరిక నేడు అంతటను వినవచ్చుచున్నది. దాతలు ముందునకు వచ్చుచున్నారు. పాఠశాలల సంఘములు ధరలు విచారించుచున్నవి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచిపెట్టినది. అయితే పదమూడేండ్ల బాలునికి ట్యాబు ఇచ్చుట వేరు, అంకెల పేర్లే ఇంకను కుదురుకొనని ఆరేండ్ల పసివానికి ఇచ్చుట వేరు. మేము మాటాడునది ఈ రెండవవానిని గూర్చియే. వానికి ట్యాబు మేలు చేయునా, చేయదా అనునది అన్నిటికంటె ముందు అది పలుకు భాషను బట్టి యుండునని మా అభిప్రాయము.

ఈ మాటకు ఆధారము కలదు. ఆఫ్రికాలోని మలావీ దేశ రాజధాని లిలోంగ్వేలో ఒక ప్రాథమిక పాఠశాలయందు నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమునకు చెందిన నికోలా పిచ్‌ఫర్డ్ జరిపిన ప్రయోగము 2015లో ప్రకటింపబడినది. మొదటి మూడు తరగతుల పిల్లలను మూడు జట్లు చేసిరి. ఒక జట్టునకు గణిత పాఠములు గల ట్యాబులను, రెండవదానికి గణితము లేని ట్యాబులను ఇచ్చి, మూడవ జట్టును ఎప్పటివలె తరగతి బోధనకే విడిచిరి. ఎనిమిది వారముల పిదప గణిత ట్యాబుల జట్టు తక్కిన రెండింటిని మించినది. ఉత్త ట్యాబు పట్టుకొన్నవారికి ఆ లాభము దక్కలేదు. ఇక్కడ గమనింపదగినది మరియొకటి కలదు: ఆ పాఠములు చెప్పిన గొంతు ఆ పిల్లల చిచేవా భాషలోనే మాటాడినది. 2019లో ఫలితములు వెలువడిన గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీలో సైతము టాంజానియా పల్లెల పిల్లలకు స్వాహిలీ భాషలోనే పాఠములు సమకూర్చిరి. పెరూ దేశపు అనుభవము వేరు. అక్కడి పల్లె బడులలో పిల్లలకు చిన్న ల్యాప్‌టాప్‌లు పంచిరి. 319 బడులను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనములో గణితమునందు గాని భాషయందు గాని ఫలితములు మెరుగుపడిన జాడ కానరాలేదు.

ఇక మన పిల్లల సంగతి. తెలుగు బాలుడు ఇరువది దాటెనా, త్రోవ సుగమమగును. ముప్పదితొమ్మిది యనగా ముప్పదియు తొమ్మిదియు. ఉర్దూ బాలునికి ఆ సౌకర్యము లేదు. ఉన్తాలీస్ అను పేరులో తీస్ వినబడదు, నౌ వినబడదు. నలుబదికి ఒకటి తక్కువ యను భావము అందు దాగియున్నది. ఉన్నాసీ యనగా డెబ్బదితొమ్మిది, నవాసీ యనగా ఎనుబదితొమ్మిది. నూరు లోపలి పేర్లను ఇంచుమించు ఒక్కొక్కటిగా కంఠస్థము చేయవలసినదే. (డిగ్రీ తరగతులకు వచ్చియు నవాసీ యొద్ద ఒక్క క్షణము ఆగు మిత్రులను మేమెరుగుదుము, పేర్లు చెప్పము.) పైగా ఉర్దూ వాక్యము కుడినుండి ఎడమకు సాగుచుండగా, అందలి సంఖ్య ఎడమనుండి కుడికి నడచును. ఇన్ని చిక్కులు గల పసివాని చేతిలో ‘థర్టీ నైన్’ అని పలుకు ట్యాబునుంచినచో వాడు లెక్క చేయుటకు ముందు అనువాదము చేయవలసి వచ్చును. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై దారుల్ తర్జుమా అను అనువాద సంస్థ శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. పట్టభద్రుల కొరకు అంత శ్రమించిన ఈ నేలపై ఆరేండ్లవానిని అనువాదకుని చేయుట న్యాయమా?

ట్యాబునందు మెచ్చదగిన గుణము లేకపోలేదు. దానికి విసుగు లేదు. నలుబదిమంది గల తరగతిలో ఉపాధ్యాయిని ప్రతి పలకను వెంటనే చూడజాలదు. ట్యాబు తప్పొప్పులను అప్పుడే చెప్పును. కాని గడుసు పిల్లవాడు గంట మ్రోగువరకు జవాబులన్నిటిని వరుసగా నొక్కుచు పోగలడు, పక్కన పెద్దవారు లేనిచో. పదుల స్థానము విషయమున మా పట్టుదల మరింత గట్టిది. పది పుల్లలను దారముతో కట్టి ‘ఇది ఒక పది’ యని చేత బట్టుకొన్న పిదపనే అద్దముమీది బొమ్మకట్ట వానికి అర్థమగును. ఒక్క వ్రేలితో తాకగానే తమంతట తాము కట్టలగు పుల్లలు చూచుటకు ముచ్చట గొలుపును గాని, కట్టిన పని వానిది కాదు.

కావున సంఘ పెద్దలకు మా విన్నపము. పసిపిల్లల కొరకు ట్యాబులు కొనదలచినప్పుడు, సొమ్ము చెల్లించుటకు ముందు, ఒక పూట ఉర్దూ మాధ్యమపు బాలుని, తెలుగు మాధ్యమపు బాలిక నొకతెను దాని ముందు కూర్చుండబెట్టి చూడుడు. ముప్పదితొమ్మిది గింజలను ఎంచుమని అది వారి ఇంటిమాటలో అడుగగలదా? అడుగలేనిచో, మన గొంతులను అందు చేర్చుటకు వీలు కల్పించునా యని అమ్మువానిని అడుగుడు. ఒకటినుండి నూరు వరకు రెండు భాషలలో చదివి రికార్డు చేసియిచ్చుటకు మన ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు చాలుదురు. ఉర్దూ ఉచ్చారణ దక్కనీది కావలెనా, లక్నోది కావలెనా యను తగవును మాత్రము మేము మేమే తీర్చుకొందుము.