జీటీఏ సిక్స్ వచ్చేలోగా...

భోగాపురంలో విమానం ముందు దిగుతుందా? జీటీఏ సిక్స్ ముందు వస్తుందా?

నెల్లిమర్ల నియోజకవర్గంలో వీడియోగేములు ఆడే కుర్రాళ్లను ఈ ప్రశ్న అడిగి చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత నిట్టూరుస్తారు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. ఈలోగా ప్రభుత్వాలూ మారాయి. అయినా పందెంలో గెలుపు విమానానిదే. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి వచ్చిన ఎయిరిండియా విమానం ప్రయోగాత్మకంగా అక్కడి రన్‌వే మీద దిగింది. ఆట మాత్రం ఇంకా ఆకాశంలోనే చక్కర్లు కొడుతోంది!

ఇంతకీ ఏమిటా ఆట? ఇంట్లో అమ్మలకీ, మామ్మలకీ కూడా తెలిసేలా చెప్పుకోవాలంటే... దాని పూర్తి పేరు 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో'. కార్ల దొంగతనం అన్నమాట. ఇందులో మనం నడిపే పాత్ర పోలీసు కాదు, నేరస్థుడు. దారిన పోయే కారు ఆపుతాడు, అందులో ఉన్నవాణ్ని బయటికి లాగుతాడు, తనెక్కి పోతాడు. ముఠాలకు పనులు చేసిపెడతాడు, పోలీసులు వెంటపడితే తప్పించుకుంటాడు. మామ్మ పక్కన కూర్చుని చూస్తే "ఏట్రా గుంటడా, ఆ కారు ఆడిదేటి? ఎందుకు లాక్కుంటన్నాడు?" అని తప్పకుండా అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే!

మరి కోట్ల మందికి దీనిమీద అంత మోజెందుకు? కారణం ఒక్కటే. నగరం మొత్తం మన చేతికిచ్చేస్తారు. కథ ప్రకారం నడవాలనుకుంటే నడవొచ్చు. వద్దనుకుంటే బైకెక్కి సముద్రం పక్క రోడ్డు మీద పొద్దుగూకే దాకా తిరగొచ్చు. ఇటే వెళ్లాలి, ఇదే చెయ్యాలి అనే ఆంక్షే లేదు. ఇలాంటి వాటిని 'ఓపెన్ వరల్డ్' ఆటలంటారు.

దీని పుట్టిల్లు స్కాట్లాండ్‌లోని డండీ పట్టణం. అక్కడి డీఎంఏ డిజైన్ అనే సంస్థ 1997లో మొదటి ఆట తెచ్చింది. అప్పట్లో నగరాన్ని మేడ మీంచి కిందికి చూస్తున్నట్టు ఉండేది. 2001లో వచ్చిన మూడో ఆటతో వీధుల్లో మనమే నడుస్తున్నట్టయింది. 2002లో 'వైస్ సిటీ', 2004లో 'శాన్ ఆండ్రియాస్', 2008లో నాలుగు, 2013 సెప్టెంబరు 17న అయిదు. ఆ అయిదోది మూడు రోజుల్లోనే వంద కోట్ల డాలర్ల వ్యాపారం చేసింది. ఇప్పటికి 20 కోట్ల పైచిలుకు కాపీలు అమ్ముడుపోయింది.

నెట్ సెంటర్ రోజులు

మన దగ్గర ఎక్కువ మంది గుండెల్లో గూడు కట్టుకున్నది మాత్రం అయిదు కాదు, 'వైస్ సిటీ'. 2003లో అది కంప్యూటర్‌కి వచ్చింది. సరిగ్గా అవే రోజుల్లో మన చిన్న పట్టణాల్లో సందుకో నెట్ సెంటర్ వెలిసింది. గంటకు పదో పదిహేనో రూపాయలు. ఇంటర్ ఫలితాలు చూసుకోవడానికీ, ఈమెయిల్ ఇవ్వడానికీ పెట్టిన ఆ చెక్క గదుల్లో సాయంత్రమయ్యేసరికి ఒక్కో కుర్చీ వెనక నలుగురు పిల్లలు నిలబడేవారు. ఆడేది ఒకడు, సలహాలిచ్చేది ముగ్గురు!

ఆ తరం వాళ్లను కదిపితే చాలు, ఒకటే కబుర్లు. నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్న చీట్ కోడ్లు గుర్తున్నాయా అంటారు. 'పాంజర్' అని కొడితే ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు యుద్ధ ట్యాంకు. 'ఆస్పిరిన్' అని కొడితే పోయిన ప్రాణం లేచొచ్చేది. 'లీవ్ మీ ఎలోన్' అంటే వెంటపడే పోలీసులు మాయం. ఇంగ్లిషు పీరియడ్‌లో స్పెల్లింగులకు తడబడే పిల్లలు కూడా ఇక్కడ ఒక్క అక్షరం తప్పేవారు కాదు. ఆరు స్టార్లు పడితే మిలటరీ దిగేది. కారుకి రంగు మార్పిస్తే పోలీసులు గుర్తుపట్టేవారు కాదు. కార్లో రేడియో పెట్టుకుంటే మైకేల్ జాక్సన్ పాట. ఇంతా కష్టపడి ఆటను సేవ్ చేసుకుని ఇంటికెళితే, మర్నాటికి ఇంకెవడో దాని మీదే తన ఆట సేవ్ చేసి ఉండేవాడు. అందుకే చాలామంది కథ చివరిదాకా వెళ్లనే లేదు. ఊరికే తిరిగారు, అంతే.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. మొయిద జంక్షన్, జూట్ మిల్లు, రైల్వే స్టేషన్, చంపావతి ఒడ్డు... నాలుగు చోట్లు తిరిగితే ఊరు అయిపోయే చోట పెరిగిన పిల్లాడికి, హద్దుల్లేని ఒక నగరం గంటకు పది రూపాయలకు దొరికింది. వాడు మోజు పడింది దొంగతనం మీద కాదు. ఆ తిరుగుడు మీద!

ఇప్పుడు రాబోయే ఆరో ఆటలో కథ మళ్లీ ఆ వైస్ సిటీకే వెళ్తోంది. అమెరికాలోని మయామీ నగరాన్ని పోలిన ఊరది. ఫ్లోరిడాని తలపించే లియోనిడా అనే ఊహా రాష్ట్రం, అందులో లూసియా, జేసన్ అనే జంట. పాత మిత్రుణ్ని కలుసుకోబోతున్నంత సంబరం అభిమానులది.

పదమూడేళ్ల నిరీక్షణ

సంబరం సరే, ముహూర్తమేదీ? ఆరోది తయారవుతోందని రాక్‌స్టార్ కంపెనీ 2022 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో ఒక కుర్రాడు కంపెనీ కంప్యూటర్లలోకి చొరబడి, సగం సగం తయారైన ఆట తాలూకు 90 వీడియోల దాకా బయటపెట్టేశాడు. 2023 డిసెంబరు 4న మొదటి ట్రైలర్ వచ్చింది. ఒక్కరోజులో యూట్యూబ్‌లో 9 కోట్ల సార్లకు పైగా చూశారు. 2025లో విడుదల అన్నారు. అభిమానులు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటుంటే, 2025 మేలో 'వచ్చే ఏడాది మే 26న' అన్నారు. అదే ఏడాది నవంబరు 6న మళ్లీ మాట మార్చి '2026 నవంబరు 19' అన్నారు. అయిదుకీ ఆరుకీ మధ్య 13 ఏళ్లు! అయిదోది వచ్చినప్పుడు ఒకటో క్లాసులో చేరిన పిల్లలు ఇంటర్ గుమ్మం దాటేశారు.

ఈ నిరీక్షణలో అభిమానులు చేసిన విన్యాసాలు అన్నీ ఇన్నీ కావు. కంపెనీ పెట్టిన బొమ్మల్లో చంద్రుడి ఆకారం చూసి, పౌర్ణమికి ఇన్ని రోజులు కాబట్టి ట్రైలర్ ఫలానా తేదీన అని జోస్యాలు చెప్పారు. పంచాంగం చూసే మన తాతలు ఎందుకూ పనికిరారు! ట్రైలర్‌లో కనపడిన రోడ్లు, వంతెనలు, బోర్డులు అతికించి, ఆట ఇంకా రాకముందే ఆ రాష్ట్రానికి మ్యాపు గీసేశారు. ఇక 'ఆరు కంటే ముందే వచ్చేసింది' అనే జోకు ప్రపంచమంతా పాకింది. లోకంలో ఏ వింత జరిగినా సరే, 'జీటీఏ సిక్స్ కంటే ఇదే ముందొచ్చింది' అనడం రివాజైపోయింది. 2023 మార్చిలో మన 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చింది కదా... ఆ లెక్కన అదీ ముందే వచ్చేసింది!

వాయిదాలు మనకేం కొత్త? 2020 జులై 30న వస్తుందన్న 'ఆర్ఆర్ఆర్' 2022 మార్చి 25న వచ్చింది. జూట్ మిల్లు లాకౌట్లు చూసిన నెల్లిమర్లకైతే గేటు ఎప్పుడు తెరుస్తారోనని ఎదురుచూడటమంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. అక్కడ ఆగింది అన్నం, ఇక్కడ ఆగింది ఆట. ఆ తేడా తెలిసినవాళ్లు గనకే ఇక్కడి అభిమానుల తిట్లలో కోపం కన్నా వేళాకోళమే ఎక్కువ.

ఆలస్యమైతేనేం అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. 2020 డిసెంబరులో తొందరపడి తెచ్చిన 'సైబర్‌పంక్ 2077' అనే ఆట లోపాల పుట్టగా తేలింది. సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణం నుంచే తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిచ్చింది. 2021 నవంబరులో పాత జీటీఏ ఆటలు మూడింటికి కొత్త మెరుగులంటూ తెస్తే, వాటిలోనూ తప్పులే. ఉడకని అన్నం వడ్డించేకన్నా ఇంకో పావుగంట ఆకలితో ఉండటం మేలు కదా అంటారు.

ఇంకో మాట. ఆ వంటింట్లో చెమటోడ్చేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. రాక్‌స్టార్‌కి 2016 నుంచి బెంగళూరులో స్టూడియో ఉంది. 1997లో మొదలైన అక్కడి ధ్రువ ఇంటరాక్టివ్ అనే సంస్థని 2019లో అందులో కలుపుకున్నారు. విజయనగరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు చేరిన కుర్రాడెవరైనా అక్కడ కూర్చుని వైస్ సిటీలో ఓ మేడకి కిటికీలు దిద్దుతున్నాడేమో, ఎవరు చూడొచ్చారు! అందుకని 'త్వరగా, త్వరగా' అని అరిచేముందు, ఆ తొందర ఎవరి నిద్రలోంచి వస్తుందో కాస్త ఆలోచించాలి.

తెలిసిన నాన్న

అసలు సంగతికొద్దాం. 2003లో పన్నెండేళ్ల వయసులో నెట్ సెంటర్‌లో 'పాంజర్' కొట్టిన పిల్లాడికి ఇప్పుడు ముప్పై అయిదేళ్లు. పెళ్లయింది. ఏ మూడో క్లాసో చదివే కొడుకో కూతురో ఉండొచ్చు. సిక్స్ ఎప్పుడొస్తుందని ఆ ఇంట్లో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. తండ్రి ఒకడు, పక్కింటి అన్నయ్య ఫోన్లో ట్రైలర్ చూసొచ్చిన పిల్లాడు ఇంకొకడు.

అప్పట్లో మన అమ్మానాన్నలకు ఏమీ తెలీదు. నెట్ సెంటర్‌కి వెళ్తే కంప్యూటర్ నేర్చుకుంటున్నాడనుకుని డబ్బులిచ్చేవారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇప్పటి నాన్నకి ఆ సాకు లేదు. ఇందులో ఏముందో తెలిసిన మొదటి తరం నాన్న ఇతను. తుపాకులూ తిట్లూ మత్తుమందులూ పడగ్గది సన్నివేశాలూ ఉంటాయని అతనికి తెలుసు. అయిదో ఆట డబ్బా మీద ఐరోపాలో 18, అమెరికాలో 17 ఏళ్లు దాటినవాళ్లకే అని ఉంటుంది. మన సినిమాకు 'ఏ' సర్టిఫికెట్ ఎలాగో, ఇదీ అలాగే. సినిమాహాల్లో టికెట్ చూసేవాడైనా ఉంటాడు. ఇంట్లో ఆ గేటు దగ్గర నిలబడాల్సింది నాన్నే.

'మేం ఆడలేదా? మేమేమన్నా దొంగలమయ్యామా?' అంటారు చాలామంది. నిజమే, కాలేదు. ఆ నెట్ సెంటర్ల తరం ఉద్యోగాలు చేసుకుంటూ, ఈఎంఐలు కట్టుకుంటూ బుద్ధిగానే ఉంది. కానీ అప్పటి బొమ్మల్లో మనుషుల చేతివేళ్లు కూడా విడివిడిగా కనిపించేవి కావు. ఇప్పటి ట్రైలర్‌లో చెమట చుక్క కూడా కనిపిస్తోంది. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఈ రెండూ ఒకటి కాదు.

అందుకని విడుదల నాటికి ఇంట్లో కొన్ని సంగతులు తేల్చుకోవడం మంచిది. మొదటిది, ఈ ఆట ఫోన్‌కి రావడం లేదు. కంపెనీ ప్రకటించింది ప్లేస్టేషన్ 5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకి మాత్రమే. 'జీటీఏ సిక్స్ మొబైల్, ఉచితం' అంటూ ఏ లింకు వచ్చినా అది మోసమే. అదే ఫోన్లో నాన్న యూపీఐ కూడా ఉంటుందని పిల్లలకు ముందే చెప్పండి. రెండోది, ఖర్చు. ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడే ధర 49,990 రూపాయలు. ఆట డబ్బులు వేరే. పిల్లాడి పేరు చెప్పి నాన్న కొనుక్కోవడం కాకుండా, 'ఇది నాకోసం' అని ఇల్లాలితో నిజం ఒప్పుకుని కొనడం మేలు! మూడోది, వయసును బట్టి ఆటలు తెరుచుకోకుండా ఆపే సౌకర్యం ఆ పెట్టెల్లోనే ఉంది. కొన్న రోజే పెట్టేసుకోవాలి.

అయితే వద్దని ఊరుకుంటే సరిపోదు. పిల్లాడికి వద్దన్నది ఎందుకో చెప్పాలి, బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి. తనకు చిన్నప్పుడు నచ్చిందేమిటో నాన్న గుర్తుచేసుకుంటే దారి దొరుకుతుంది. నచ్చింది తుపాకీ కాదు, తిరుగుడు. ఏ నేరమూ లేకుండా దేశమంతా కార్లో తిరిగే ఆటలూ ఉన్నాయి. మెక్సికో రోడ్ల మీద నడిచే 'ఫోర్జా హొరైజన్ 5' అలాంటిదే. అదీ కుదరకపోతే ఆదివారం పొద్దున్నే రెండు సైకిళ్లు తీసి రామతీర్థం దారి పట్టండి. కొండలున్నాయి, చెరువులున్నాయి, ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. స్టార్లు పడవు, పోలీసులు రారు.

రాత్రి పిల్లలు పడుకున్నాక సిక్స్ సంగతి చూసుకోవచ్చు. పదమూడేళ్లు ఆగినవాడు పదిగంటల దాకా ఆగలేడా?