కొలబద్ద చెప్పని సంగతి

“ఇంజనులో నూనె మట్టం తగ్గలేదు కదా, అప్పుడే మార్చడమెందుకు, బాబాయిగారూ?” అన్నాడు మొన్న మా పక్కింటి అబ్బాయి, మోటారుసైకిలు తుడుచుకుంటూ. పక్కనే వున్న నూనె డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని వుంది. నీ ప్రశ్నకు జవాబు ఆ అంకెల్లోనే వున్నదంటే అతను నవ్వాడు.

ఆముదాన్ని చూడండి. చలికాలం తెల్లవారుజామున సీసా వంచితే బద్ధకంగా జారుతుంది. కాస్త వెచ్చచేస్తే చురుగ్గా పారుతుంది. ఇంజను నూనె స్వభావమూ అంతే. సాదా రకం నూనె 40 డిగ్రీల సెంటీగ్రేడు నుంచి 100 డిగ్రీలకు కాగేసరికి, దాని చిక్కదనం సుమారు పదోవంతుకు పడిపోతుంది. చలిలో మరీ చిక్కగా వుంటే నూనె భాగాలకు త్వరగా అందదు. కాగిన తరువాత మరీ పలచనైతే లోహం లోహాన్ని రాసుకొని అరిగిపోతుంది.

1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు ఈ గుణానికి మార్కులు వేసే పద్ధతి పెట్టారు. వేడికి తక్కువగా పలచబడే పెన్సిల్వేనియా నూనెకు నూరు. ఎక్కువగా పలచబడే అమెరికా గల్ఫు తీరపు నూనెకు సున్న. ఈనాటి నూనెలు అనేకం నూరు దాటిపోయాయి. ఆ ఘనతలో పెద్ద పాలు పాలిమర్లది.

పాలిమరంటే అణువుల పొడుగాటి గొలుసు. పలచని నూనెలో వీటిని కొద్దిగా కరిగిస్తారు. వీటిలో కొన్ని రకాలు చల్లని నూనెలో దారపు ఉండల్లా ముడుచుకొని వుంటాయి; ప్రవాహానికి అంతగా అడ్డురావు. వేడెక్కితే విప్పారి, నూనె పరుగుకు పగ్గం వేస్తాయి. వేడికి నూనె చిక్కబడుతుందని కాదు సుమా! పలచబడడం తగ్గుతుంది, అంతే. అందుకే ఆ డబ్బాలోని నూనె చలిలో 20డబ్ల్యూ రకంగానూ, 100 డిగ్రీల వద్ద 40 రకంగానూ పనిచేస్తుంది. డబ్ల్యూ అంటే వింటరు, చలికాలమన్నమాట.

అయితే చాలా మోటారుసైకిళ్లలో ఇంజనుకూ గేర్లకూ ఒకటే నూనె. గేరు పళ్ల మధ్య నలిగి ఈ గొలుసులు తెగుతాయి. తెగినవి మళ్లీ అతుక్కోవు. మట్టం అలాగే వుంటుంది. వేడిలో నిలవవలసిన చిక్కదనం మాత్రం క్రమంగా తరిగిపోతుంది.

ఇదంతా విని అబ్బాయి కొలబద్దను మరోసారి పైకి తీసి చూశాడు. “అయితే ఇది చెప్పేది సగమేనన్నమాట!” అన్నాడు.

అంతే మరి. నూనె ఎంత వున్నదో అది చెబుతుంది గాని, ఎలా వున్నదో చెప్పదు. బండితో ఇచ్చిన పుస్తకంలో వ్రాసిన గడువుకు నూనె మార్చడమే మేలు.