గ్రావెల్ రోడ్డు మనదే, మరి గ్రావెల్ సైకిలు?

గ్రావెల్ అనే మాట మనకెవరూ నేర్పనక్కర్లేదు. వాడకు తారు రోడ్డు వేయించండని అర్జీ పెడితే నాలుగు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి ‘గ్రావెల్ వేశాం కదా’ అనిపించుకున్న ఊళ్ళ నుంచే మనలో చాలామంది వచ్చాం. ఎండకు దుమ్ము, వానకు జారుడు, ట్రాక్టరు తిరిగితే గాడి. ఆ రోడ్డు మీదే బడికి నడిచాం.

ఇప్పుడు అదే మాటతో నగరాల్లో ఒక సైకిలు అమ్ముతున్నారు. గ్రావెల్ బైక్ అంటారు. వంపు తిరిగిన హ్యాండిలు, డిస్కు బ్రేకులు, గేర్లు, పది కిలోలకు అటూ ఇటూగా బరువు. కాస్త మంచిది కొనాలంటే లక్ష దాటుతుంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న పట్టణంలో 2006లో రాళ్ళ దారుల మీద 200 మైళ్ళ సైకిలు పందెం మొదలైంది. ఇప్పుడు దాని పేరు అన్‌బౌండ్ గ్రావెల్. 2022లో ఇటలీలో ఈ పందేలకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా పెట్టారు. ఎవరి సరదా వాళ్ళది, మాకు అభ్యంతరం లేదు. ఆ ఫొటోలు ఫోనులో చూసి మన తమ్ముళ్ళు ‘మనకెక్కడొస్తుందన్నా’ అని నిట్టూర్చి, హాస్టల్ గోడ పక్కన తుప్పు పడుతున్న సైకిలు వంక కన్నెత్తి చూడకపోవడమే మా బాధ.

ఒక్క లెక్క చూడండి. గ్రావెల్ బైకులకు ఎక్కువగా వేసే టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు. మన పాలవాళ్ళు తొక్కే పెద్ద నల్ల సైకిలు టైరు మీద 28 ఇంటూ ఒకటిన్నర అని ఉంటుంది. ఒకటిన్నర అంగుళం అంటే 38 మిల్లీమీటర్లు. ఎంత తేడా? పెన్సిలు గీతంత. 1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలైనప్పుడు పందెగాళ్ళు తొక్కిందీ మట్టి, కంకర దారుల్లోనే. 1937 దాకా ఆ పందెంలో గేరు మార్చే డెరైలర్‌ను రానివ్వలేదు. కొండ వస్తే దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్ళు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు సన్న టైరే వేగమని నమ్మి, ఇప్పుడు మళ్ళీ లావు టైరు దగ్గరికే వచ్చారు. మన తాతల సైకిలు మాత్రం ఉన్నచోటే ఉంది.

నిరుడు వేసవిలో మేము నలుగురం పీజీ విద్యార్థులం డబ్బులు పోగేసి పాత ఇనుము కొట్టులో ఒక అట్లాస్ సైకిలు కొన్నాం. తూకం లెక్కన 740 రూపాయలు. సీటు లేదు, వెనక టైరు లేదు, ఫ్రేము మాత్రం సరిగ్గా ఉంది. పాత సైకిలు కొనేటప్పుడు ముందు చూడాల్సింది అదే. వెనక నిలబడి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉండాలి. హ్యాండిలు మెడ దగ్గర గొట్టం మీద రంగు పగిలి ముడత కనిపిస్తే అది దేనికో గుద్దుకున్న సైకిలు, ఊరికే ఇచ్చినా వద్దు. పైపై తుప్పుకు భయపడనక్కర్లేదు.

ఈ సైకిలుకు ఇంకో సుగుణముంది. ఏ కంపెనీ సామానైనా దాదాపు ఏ కంపెనీ ఫ్రేముకైనా సరిపోతుంది. అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు ఆగిపోయింది. అయినా మాకు కావలసిన ప్రతి ముక్కా మండల కేంద్రంలోనే దొరికింది. లక్ష రూపాయల సైకిలుకు ఈ సౌకర్యం లేదు.

ఇరుసులు విప్పి గుండ్లన్నీ మార్చాం. పాతవి కడిగి కొన్ని, కొత్తవి కొన్ని కలిపి వేయకండి. అరగనివే పెద్దవి కాబట్టి భారమంతా వాటి మీదే పడి కప్పు గీసుకుపోతుంది. బిగింపు సరిపోయిందో లేదో తెలియాలంటే చైను తగిలించకముందు చక్రాన్ని గాలిలో ఎత్తి పట్టుకోండి. వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి కిందికి రావాలి. ఈ ఉపాయం సైకిలు షాపు బాబాయ్ చెప్పాడు. మాలో ఇద్దరం ఫిజిక్స్ వాళ్ళం, మాకు తట్టలేదు.

చైను సంగతి హాస్టల్ పిల్లలకు ఇంకా సులువు. జామెట్రీ బాక్సులో 12 అంగుళాల స్కేలు ఉంటుంది కదా. చైనులో 24 ముక్కలు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చిందంటే చైనే కాదు, పళ్ళు కూడా అరిగినట్టే. మాది అలాగే వచ్చింది, మార్చేశాం.

మా సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. ఒక్కసారి పెడలు తిప్పితే అయిదున్నర మీటర్లు పోతుంది. తారు మీద హాయి. కాలువ కట్ట ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో, వెనక ఒకరు కూర్చున్నప్పుడు మోకాళ్ళు అరుస్తాయి. 20 పళ్ళ ఫ్రీవీలు వేయించాం. ఇప్పుడు ఒక తిప్పుకు అయిదు మీటర్లకు కాస్త లోపు. చదునులో కొంచెం నెమ్మది, గ్రావెల్‌లో దిగకుండా పోవచ్చు. గేర్ల సైకిలు లేదని ఏడ్చేకన్నా ఈ రెండు పళ్ళు మేలు.

ముందు షాకప్‌లు ఉన్న సైకిలు కావాలని జూనియర్లు పట్టుబడుతుంటారు. చవక సైకిలుకు పెట్టే షాకప్ కిలోల బరువు పెంచుతుంది, తొక్కిన బలంలో కొంత తానే మింగుతుంది, ఏడాదికి బిగుసుకుపోతుంది. ఈ రోడ్లకు అసలు షాకప్ టైరులోని గాలే. రాయిలా గాలి కొట్టిస్తే ప్రతి గులకరాయీ నడుముకు తగులుతుంది, తొక్కిన బలం ఎగిరిపడటానికే పోతుంది. మరీ తగ్గిస్తే రాయి మీద ట్యూబు రిమ్ముకు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త లొంగాలి. ముందు చక్రంలో ఇంకొంచెం తక్కువ ఉన్నా ఫరవాలేదు, మన బరువులో ఎక్కువ భాగం వెనకే కదా. నల్లరేగడి డొంకలో మాత్రం ఏ గాలీ పనిచేయదు. వానాకాలం మడ్‌గార్డులు ఊడదీసి మంచం కింద పెట్టుకోండి. బట్టలు పాడైతే ఉతుక్కోవచ్చు, మట్టి ఇరుక్కుని చక్రం ఆగిపోతే సైకిలే మన భుజమెక్కుతుంది.

బ్రేకుల దగ్గర మేము గొప్పలు చెప్పుకోలేం. పాత రాడ్ బ్రేకులు, ఇనుప రిమ్ములు. తడిస్తే ఆలస్యంగా పడతాయి. కొత్త రబ్బర్లు వేసి రాడ్లు సర్దాం, వానలో నెమ్మదిగా పోతాం. డిస్కు బ్రేకు సైకిలు మెరుగైనది ఇక్కడే, ఒప్పుకోవాలి. రెండు టైర్లు, ట్యూబులు, సీటుతో సహా మొత్తం ఖర్చు 2,650 అయింది.

ఇంత శ్రమ దేనికంటారా? మా కాలేజీ హాస్టల్‌కు ఏడు కిలోమీటర్లు. నాలుగు తారు, మూడు కాలువ కట్ట. సాయంత్రం ఆఖరి బస్సు అయిదున్నరకు. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది. అంటే బస్సును నమ్ముకున్నవాడికి రోజూ రెండున్నర గంటల పుస్తకం పోతోంది. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా ముందుగా చూసింది మేమే. ఇంట్లో పుస్తకాలు లేవు, అడిగి చెప్పించుకోవడానికి అన్నయ్యలు లేరు, ఉన్నదల్లా ఆ రీడింగ్ రూము. ‘వీళ్ళు చదువులో వెనకబడతారు’ అని మన గురించి తేల్చేసేవాళ్ళు ఈ రెండున్నర గంటలను ఎన్నడూ లెక్కలోకి తీసుకోరు. నలుగురికీ ఒకటే సైకిలు కాబట్టి ఇప్పుడు వంతులు వేసుకుని వెళ్తున్నాం. వంతు కోసం గొడవలూ పడుతున్నాం.

సైకిలంటే నామోషీ అనేవాళ్ళకు ఒక మాట. మనవాళ్ళే కొందరు వాయిదాల మీద మోటారు సైకిలు కొని, వాయిదా కట్టడానికి డెలివరీ పనికి పోయి, క్లాసులకు రావడం మానేశారు. లీటరు పెట్రోలు వంద దాటింది. చదువుకోవడానికని కొన్న బండి చదువునే తినేస్తుంటే నామోషీ ఎక్కడుంది? సైకిలెక్కి పెద్దల వీధిలో పోనివ్వని రోజుల గురించి మా తాతలు ఇప్పటికీ చెబుతారు. వాళ్ళకు అది ఆశ. మనకు సిగ్గెలా అయింది?

అమ్మాయిల హాస్టల్‌కు ఇది ఇంకా ముఖ్యం. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటే వేలాది గ్రామీణ మహిళలు సైకిలు నేర్చుకున్నారు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిలు పథకం పెట్టారు. దాని మీద కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన అధ్యయనం ఆ పథకం వల్ల హైస్కూలు వయసు అమ్మాయిల నమోదు 32 శాతం పెరిగిందని లెక్కగట్టింది. అయితే పంచిన సైకిలు పంక్చరయ్యాక ఏమవుతుంది? మనకు తెలిసిన ఒక స్కూలు వెనక పంచిన సైకిళ్ళే పది పన్నెండు పడి ఉన్నాయి. వాటిలో సగానికి కావలసింది ట్యూబు, వాల్ ట్యూబు, అరగంట పని. సైకిలు ఇవ్వడానికి సభ పెడతారు, స్పానరు ఇవ్వడానికి పెట్టరు.

కాబట్టి వార్డెన్ గారిని, విద్యార్థి కమిటీని మేము అడిగేది చిన్నది. ప్రతి హాస్టల్‌లో ఒక సామాను పెట్టె ఉండాలి: పంపు, టైరు లివర్లు, సైకిలు స్పానర్లు, స్పోకు తాళం, పంక్చరు సామాను, గ్రీజు డబ్బా. ప్రతి ఆదివారం రెండు గంటలు షెడ్డు తెరవాలి. వార్షికోత్సవానికి మా సీనియర్ల మొహాలతో కొట్టించే ఫ్లెక్సీ ఈ ఏడు వద్దు. ఆ డబ్బుతో ఈ పెట్టె వస్తుంది, కొట్లో ధరలు అడిగే రాస్తున్నాం. మొదటి నెల ఆదివారాలు మేము నలుగురం షెడ్డు దగ్గరే ఉంటాం. అమ్మాయిల హాస్టల్ మేట్రన్ గారు అనుమతిస్తే అక్కడికీ వస్తాం. వచ్చేటప్పుడు 12 అంగుళాల స్కేలు మర్చిపోకండి.