పటములోని బీరు

1929లో గిన్నిసు కంపెనీవారు తమ బీరు ఒంటికి మేలని చాటిరి. 1945 మొదలు 1956 వఱకు అమెరికా బీరు తయారీదారుల సంఘము చిత్రకారులచే ఇంటిల్లిపాది నడుమ బీరును చిత్రింపించి పత్రికలలో ప్రకటించినది. చిత్రములు ముచ్చటైనవే. ఆ ముచ్చటయే ఎర.

మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల మాట వేఱు. గీతకార్మికుడు దింపిన కల్లునకు పటముతో పని లేదు, చెట్టుక్రిందనే అమ్ముడగును. ఊరెఱుగని సరకునకే గదా పటము!

2000లో కేబులు టెలివిజను నిబంధనలు మద్య ప్రకటనలను నిషేధించినవి. 2009 నాటి సవరణ, మద్యపు పేరు దాల్చిన ఇతర సరకుల ప్రకటనకు షరతులతో దారి తెఱచినది. బీరు పేరు సోడాసీసా నెక్కి మరల ఇంట జొచ్చినది. పాఠకులారా! ఆ ప్రకటనలో జ్ఞాపకముండునది సోడాయా, పేరా? ఆ దారిని ప్రభుత్వమువారు మూయవలెను.